నల్లకుంట – తార్నాక: జీతాలు, కూలిరేట్లు, పని పరిస్థితులు

హైదరాబాద్‌లో నల్లకుంట నుంచి అడిక్‌మెట్, విద్యానగర్‌ల మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయం దాటి తార్నాక చేరే దారి పెద్ద పొడవేమీ కాదు. దేశంలో జీతం మీదా కూలి మీదా బతికేవాళ్లు ఎన్ని రకాలున్నారో, దాదాపు అన్ని రకాలూ ఆ దారిలోనే తారసపడతారు. ఇటు చివర ఫీవర్ ఆసుపత్రి (పాతకాలంవాళ్లకు కోరంటి దవాఖానా), కూరగాయల మార్కెట్టు, కోచింగ్ సెంటర్లు, అద్దె గదులు. నడుమ విశ్వవిద్యాలయం, దాన్ని ఆనుకుని మాణికేశ్వరి నగర్ వడ్డెర బస్తీ. అటు చివర జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్), ఐఐసీటీ, ఆర్టీసీ ఆసుపత్రి. ఇంకాస్త ముందుకు పోతే హబ్సిగూడలో ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ. ఒక పక్క లాలాగూడ రైల్వే వర్క్‌షాపు, మరో పక్క నాచారం పారిశ్రామిక వాడ.

ఈ ప్రాంతపు శ్రమ విపణిని చూసినవారికి మొదట తట్టేది ఒకటే: ఇక్కడ ఒకే పనికి నాలుగు రకాల ధరలు నడుస్తాయి. చీపురు పట్టుకున్న చేతికీ, సుద్దముక్క పట్టుకున్న చేతికీ ఇదే వరస. పని ఏమిటన్నది తర్వాతి సంగతి. మనిషిని పనిలో పెట్టుకున్న కాగితం ఎలాంటిది, అది ఏ ప్రభుత్వ పరిధిలోకి వస్తుంది అన్నవే ముందుగా జీతాన్ని తేలుస్తాయి.

కేలరీల లెక్క

దేశంలో కనీస వేతనం ఎంత ఉండాలన్న వాదనకు మూలమైన శాస్త్రం తార్నాకతో ముడిపడి ఉంది. ఆ సంగతి తార్నాకవాసుల్లోనే ఎక్కువమందికి తెలియదు. ఎన్‌ఐఎన్ 1918లో తమిళనాడులోని కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఒక గదిలో, రాబర్ట్ మెక్‌కారిసన్ నడిపిన బెరిబెరి పరిశోధనా విభాగంగా పుట్టింది. ఉస్మానియా పుట్టిందీ ఆ ఏడాదే. 1935 నుంచి 1945 దాకా కూనూరు ప్రయోగశాలకు డైరెక్టరుగా ఉన్న వాలెస్ ఐక్రాయిడ్, భారతీయుల తిండిని కేలరీల్లో లెక్కగట్టి పట్టికలు వేశాడు. 1943 బెంగాల్ కరవుపై వేసిన విచారణ సంఘంలోనూ ఆయన సభ్యుడే. ఆ ప్రయోగశాల 1958లో హైదరాబాద్‌కు, ఉస్మానియా పొరుగుకు తరలివచ్చింది. 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది.

తరలింపుకు ఏడాది ముందు, 1957 జులైలో ఢిల్లీలో 15వ భారత కార్మిక మహాసభ జరిగింది. ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు కలిసి కూర్చునే సభ అది. అవసరాల ప్రాతిపదికన కనీస వేతనాన్ని ఎలా కట్టాలో అక్కడ ఒప్పుకున్నారు. కార్మికుడి కుటుంబాన్ని మూడు వినియోగ యూనిట్లుగా తీసుకోవాలి: భర్త 1, భార్య 0.8, ఇద్దరు పిల్లలు చెరి 0.6. ఒక్కో యూనిట్‌కు ఐక్రాయిడ్ చెప్పిన ప్రకారం రోజుకు 2,700 కేలరీల తిండి. కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట. ప్రభుత్వ పారిశ్రామిక గృహ పథకం కింద వసూలు చేసే కనీస అద్దె. వంటచెరకు, దీపం, చిల్లర ఖర్చులకు మొత్తం వేతనంలో 20 శాతం. పిల్లల చదువు, వైద్యం, ముసలితనం ఈ జాబితాలో లేవు. 1991లో రెప్టకాస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు వాటికోసం మరో 25 శాతం కలపాలని తేల్చింది. ఆడమనిషికి 0.8 ఎందుకన్న ప్రశ్న మాత్రం 1957 సభలో ఎవరికీ తట్టినట్టు లేదు.

ఆ లెక్క చట్టమై ఉంటే కథ వేరుగా ఉండేది. అది తీర్మానంగానే మిగిలింది. 2019లో అనూప్ సత్పతి నిపుణుల సంఘం దాన్ని కొత్త కాలానికి సవరించింది. సత్పతి పనిచేసిన సంస్థకు వి.వి. గిరి పేరుంది. బ్యాంకు ఉద్యోగులకు ట్రైబ్యునల్ ఇచ్చిన వేతన తీర్పును ప్రభుత్వం తగ్గించిందని 1954లో కేంద్ర కార్మిక మంత్రి పదవినే వదులుకున్న తెలుగువాడు గిరి. సత్పతి సంఘం వినియోగ యూనిట్లను 3.6కు పెంచి, కేలరీలను 2,400కు తగ్గించింది. 50 గ్రాముల మాంసకృత్తులు, 30 గ్రాముల కొవ్వు చేర్చింది. 2018 జులై ధరల్లో లెక్క తేలింది: దేశమంతటికీ రోజుకు 375 రూపాయలు, నెలకు 9,750. పట్టణాల్లో ఇంటద్దె కోసం పైన మరో 1,430. ఆ 1,430తో నల్లకుంటలో గది కాదు కదా, గదిలో ఒక మంచం కూడా దొరకదు. అంతటి పిసినారి లెక్క కూడా అమల్లోకి రాలేదు. కేంద్రం 2017లో పెట్టిన 176 రూపాయల జాతీయ కనీస మట్టమే ఏళ్ల తరబడి కొనసాగింది. దానికి చట్టబద్ధత సైతం లేదు.

ఇక ఎన్‌ఐఎన్ లెక్కలు ఏమంటున్నాయి? 2020లో ఆ సంస్థ సవరించిన పట్టిక ప్రకారం కూర్చుని పనిచేసే మగవాడికి రోజుకు 2,110, ఓ మోస్తరు శ్రమ చేసేవాడికి 2,710, బరువు పని చేసేవాడికి 3,470 కేలరీలు కావాలి. బరువు పని చేసే ఆడవారికి 2,720. ఓ మోస్తరు శ్రమ విషయంలో ఐక్రాయిడ్ అంకెకూ దీనికీ పది కేలరీలే తేడా. జీతాల పట్టికను దీని పక్కన పెట్టి చూస్తే వరస తలకిందులవుతుంది: 3,470 కేలరీలు ఖర్చుపెట్టేవాడి కూలి అడుగున, 2,110 ఖర్చుపెట్టేవాడి జీతం పైన.

రోడ్డుకు అటు, రోడ్డుకు ఇటు

1948 కనీస వేతనాల చట్టం అన్ని పనులకూ వర్తించేది కాదు; షెడ్యూలులో చేర్చిన పనులకే వర్తించేది. ఆ షెడ్యూళ్లు కేంద్రానివి కేంద్రానికి, రాష్ట్రానివి రాష్ట్రానికి వేరు. మూల వేతనాన్ని ఐదేళ్లకు మించకుండా సవరించాల్సి ఉండేది. ఈలోపు ధరల పెరుగుదలకు తగ్గట్టు ఏటా ఏప్రిల్, అక్టోబరుల్లో కరవు భత్యం (వీడీఏ) కలుస్తూ ఉంటుంది. సిమ్లాలోని లేబర్ బ్యూరో తీసే పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీ దీనికి కొలబద్ద. ఆ సూచీ కోసం ధరలు సేకరించే కేంద్రాల్లో హైదరాబాద్ ఒకటి.

తెలంగాణ షెడ్యూలులో 73 రకాల పనులుండేవి. రాష్ట్రం వచ్చాక వాటిలో చాలావాటి మూల వేతనాలను ఏళ్ల తరబడి ముట్టుకున్నవారు లేరు. 2021 జూన్‌లో సెక్యూరిటీ, నిర్మాణం వంటి ఐదు రంగాలకు కొత్త రేట్లతో జీవోలు వెలువడ్డాయి కానీ గెజిట్‌లో అచ్చుకాలేదు. గెజిట్‌కెక్కని జీవోను చూపించి యజమానిని నిలదీయడం కుదరదు. మూల వేతనం ముసలిదై, వీడీఏ ఒక్కటే దాన్ని చెయ్యిపట్టి నడిపిస్తూ వచ్చింది.

దీని ఫలితం తార్నాక రోడ్డు మీద కనిపిస్తుంది. కేంద్ర పరిధిలోని సంస్థల్లో ఊడ్చి శుభ్రం చేసే పనికి 2024 అక్టోబరులో ‘ఎ’ శ్రేణి నగరాల్లో రోజుకు 783 రూపాయల కనీస వేతనం ఉండేది. 26 రోజుల లెక్కన నెలకు 20,358. హైదరాబాద్ ఆ శ్రేణిలోదే. రాష్ట్ర ప్రభుత్వం తన ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి 2021లో ఖరారు చేసిన మూడు అంతస్తులు 15,600, 19,500, 22,750. ఊడ్చేవారు, అటెండర్లు మొదటి అంతస్తువాళ్లు. అందులోంచి పీఎఫ్ కింద 12 శాతం, ఈఎస్‌ఐ కింద 0.75 శాతం పోతే చేతికొచ్చేది పదమూడున్నర వేల చిల్లర. గేటు ఇవతల ఊడిస్తే ఒక ధర, అవతల ఊడిస్తే ఇంకో ధర. 2024 అక్టోబరు రేటుతో చూస్తే నడుమ నెలకు 4,758 రూపాయల తేడా. దుమ్ము ఒకటే, ఎండ ఒకటే, బియ్యం కొనే దుకాణమూ ఒకటే.

చట్టం చెప్పిన కనీసం కంటే తక్కువ ఇచ్చి పని చేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని 1982లో ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వెట్టి అంటే ఏమిటో తెలంగాణవాళ్లకు కోర్టు చెప్పనక్కర్లేదు. అయినా ఆ తీర్పును చేతపట్టుకుని లేబర్ ఆఫీసు మెట్లెక్కే అడ్డా కూలీని ఊహించడం కష్టం.

పర్మనెంటు, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగు

ఈ ప్రాంతంలో సంఘటిత కార్మికుల చరిత్ర లాలాగూడతో మొదలవుతుంది. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే 1893లో అక్కడ వర్క్‌షాపు పెట్టింది. 1946లో ఆల్ హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ఏర్పడేనాటికి సంస్థానంలో సంఘాలు కట్టుకున్నవారిలో రైల్వే కార్మికులు ముందు వరసలో ఉన్నారు. ఆ సంఘం నాయకుల్లో ఒకడైన మఖ్దూం మొహియుద్దీన్ ఉస్మానియాలోనే ఎం.ఏ. చదివినవాడు. ఉద్యోగమంటే నెలనెలా జీతం, పింఛను, రైలు పాసు అనే బొమ్మ ఈ చుట్టుపక్కల బస్తీల్లో ఆ కాలంలోనే గీసుకుపోయింది. 1919 నాటి ముల్కీ (స్థానికత) నిబంధనల నుంచి 1969 తెలంగాణ ఉద్యమం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985 నాటి 610 జీవో దాకా ఉస్మానియా గేటు ముందు జరిగిన గొడవలన్నింటికీ ఆ సర్కారు కొలువే కేంద్రం. మలిదశ తెలంగాణ ఉద్యమ నినాదంలోని ‘నియామకాలు’ కూడా అదే.

కొలువు కోసం ఊళ్లు ఊళ్లే లేచిన కాలంలో కొలువు రూపం లోలోపల మారిపోయింది. ఉమ్మడి రాష్ట్రంలో మస్టర్ రోల్ మీద రోజుకూలిగా చేరి ఏళ్లకేళ్లు పనిచేసినవాళ్లను ఎన్‌ఎంఆర్‌లు అనేవారు. 1993 నవంబరు 25 నాటికి ఐదేళ్లు నిండినవారిని క్రమబద్ధం చేయడానికి 1994లో 212 జీవో వచ్చింది. ఒక్క రోజు తక్కువైనవాడు బయటే. ఇకమీదట అలాంటి నియామకాలు వద్దంటూ అదే ఏడాది చట్టమూ తెచ్చారు. నియామకాలు ఆగలేదు, పేరు మారింది. కాంట్రాక్టు అన్నారు, ఆ తర్వాత ఏజెన్సీ ద్వారా ఔట్‌సోర్సింగ్ అన్నారు. 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు దొడ్డిదారిన చేరినవారిని క్రమబద్ధం చేయడం హక్కు కాదంది. పదేళ్ల తర్వాత జగ్జీత్ సింగ్ కేసులో అదే కోర్టు, తాత్కాలికులైనా సమాన పనికి సమాన వేతనం ఇవ్వాల్సిందేనంది. కోర్టుకెక్కే ఓపిక, డబ్బు ఉన్నవాళ్లు రెండో తీర్పు పట్టుకుంటే, ప్రభుత్వాలు మొదటిది పట్టుకున్నాయి. 2023లో తెలంగాణ ప్రభుత్వం 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగులను క్రమబద్ధం చేసింది. ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి అందులో చోటు లేదు. కాగితం మీద వాళ్ల యజమాని ప్రభుత్వం కాదు, ఏజెన్సీ.

పర్మనెంటు ఉద్యోగి లోకం వేరు. 2021 వేతన సవరణలో బిస్వాల్ సంఘం ఏడున్నర శాతం ఫిట్‌మెంటు చాలంటే, ప్రభుత్వం 30 శాతం ప్రకటించింది. మూల వేతనం 19,000 నుంచి 1,62,070 దాకా ఉన్న స్కేళ్లు వచ్చాయి. డీఏ, ఇంటద్దె, సెలవులు వేరే. ఆ సవరణలోనే అంగన్‌వాడీ టీచరుకు 13,650, ఆయాకు 7,800 అయింది. దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. గౌరవం ఎక్కువై వేతనం తక్కువైన ఏర్పాటది.

విశ్వవిద్యాలయంలో ఈ తేడా తరగతి గదిలోనే నిలబడి ఉంటుంది. యూజీసీ ఏడో వేతన స్కేలు ప్రకారం కొత్తగా చేరిన సహాయ ఆచార్యుడి మూల వేతనం 57,700. అతిథి అధ్యాపకులకు యూజీసీ 2019లో సూచించినది పాఠానికి 1,500, నెలకు 50,000 మించకుండా. సూచించినదీ చేతికందేదీ ఒకటేనని ఏ పార్ట్‌టైమ్ అధ్యాపకుడూ చెప్పడు. పరీక్షలు, సెలవులు వస్తే పాఠాలుండవు. పాఠం లేకపోతే పైసా లేదు. నెట్ గట్టెక్కి జేఆర్‌ఎఫ్ తెచ్చుకున్న పరిశోధక విద్యార్థికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 ఫెలోషిప్పు. అంటే డాక్టరేట్ చదువుతున్నప్పుడు వచ్చే డబ్బు, డాక్టరేట్ వచ్చాక రాకపోవచ్చు. హాస్టల్ ఖాళీ చేయడానికి మనసొప్పనివాళ్ల గురించి జోకులు వేసేముందు ఈ లెక్క చూడాలి. కాంట్రాక్టు అధ్యాపకులు క్రమబద్ధీకరణ కోరుతూ 2025లో సమ్మెకు దిగారు.

ఆర్టీసీ కథ ఇంకో రకం. ప్రభుత్వంలో విలీనం కోరుతూ 2019 అక్టోబరు 5 నుంచి 52 రోజులు సాగిన సమ్మెలో దాదాపు 48,000 మంది పాల్గొన్నారు. ఆ నెలల్లో జీతాలు ఆగాయి, ప్రాణాలూ పోయాయి. సమ్మె విరమించాక కొంతకాలం ఓడిపోయినట్టే అనిపించింది. 2023 ఆగస్టులో విలీనం బిల్లు శాసనసభ దాటింది.

అడ్డా, మేస్త్రీ, ఇంటి పని

పొద్దున్నే కూడళ్లలో టిఫిను డబ్బా, పార, తాపీ పట్టుకుని నిలబడేవారికి జీవోలతో పని లేదు. అక్కడ రేటు అప్పటికప్పుడు తేలుతుంది: సుతారి మేస్త్రీకి ఒకటి, పార పట్టే మగమనిషికి ఒకటి, ఇటుకలు మోసే ఆడమనిషికి ఒకటి. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది. అడ్డా మీద మాత్రం ఆడకూలి, మగకూలి అనే రెండు మాటలు ఇంకా బతికే ఉన్నాయి. తొమ్మిదింటికల్లా బేరం కుదరకపోతే ఆ రోజు పోయినట్టే. పెద్ద కట్టడాల్లో అడ్డాకు బదులు గుంపు మేస్త్రీ ఉంటాడు. ఊళ్లో అడ్వాన్సులిచ్చి మనుషుల్ని తెచ్చి, వాళ్ల కూలిలో తన వాటా పట్టుకుంటాడు. పాలమూరు లేబర్ ఈ పద్ధతిలోనే దేశమంతా తిరిగి ఆనకట్టలు, కాలువలు కట్టింది. ఇప్పుడు హైదరాబాద్ కట్టడాల్లో ఆ చోట బిహార్, ఒడిశా, జార్ఖండ్‌ల నుంచి వచ్చినవారు ఎక్కువ.

వాళ్లు ఇంతదూరం ఎందుకొస్తారో రిజర్వు బ్యాంకు అంకెలు చెబుతాయి. 2022–23లో పల్లెల్లో నిర్మాణ కూలి దేశ సగటున రోజుకు 393 రూపాయలుంటే, కేరళలో 852, మధ్యప్రదేశ్‌లో 278. ఒకే దేశంలో ఒకే పనికి మూడింతల తేడా ఉన్నప్పుడు రైళ్లు నిండకుండా ఎలా ఉంటాయి? పల్లెలో ఉండిపోతే తెలంగాణలో ఉపాధి హామీ కూలి 2025–26లో 307 రూపాయలు.

నల్లకుంట, విద్యానగర్ ఇళ్లలో పనిచేసే ఆడవారి జీతం గంటల్లో ఉండదు, పనుల్లో ఉంటుంది. అంట్లకు ఇంత, బట్టలకు ఇంత, ఇల్లు తుడిస్తే ఇంత. నాలుగిళ్లు పట్టుకుంటే గానీ నెల గడవదు. నెలకు రెండు నాగాల దాకా ఊరుకుంటారు, మూడోదానికి కోత. ఇంటి పనివారిపై 2011 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడికను భారత్ ఇంతవరకు ఆమోదించలేదు. మార్కెట్టు దగ్గర బండి పెట్టుకున్నవారిది సొంత పని కాబట్టి కూలి లెక్కలోకే రాదు. పొద్దున తీసుకున్న అప్పు సాయంత్రానికి వడ్డీతో కట్టే గిరిగిరి ఫైనాన్సు పోగా మిగిలిందే ఆ రోజు కూలి.

కోచింగు గదులు, పన్నెండు గంటల డ్యూటీలు

చుక్కా రామయ్య ఐఐటీ శిక్షణ తరగతులతో నల్లకుంట పేరు రాష్ట్రమంతా పాకింది. ఇప్పుడు ఇటు విద్యానగర్, అటు అశోక్‌నగర్ దాకా ఉద్యోగ పరీక్షలకు చదివేవారి గదులే. దేశంలో 2023–24 అధికారిక సర్వే నిరుద్యోగం 3.2 శాతమే అంటుంది. ఈ గదుల్లో ఆ మాట చెబితే నవ్వుతారు. లెక్క తప్పని కాదు; బీదవాడు పని లేకుండా ఉండలేడు, దొరికిందల్లా చేస్తాడు కనుక నిరుద్యోగిగా లెక్కకు రాడు. నిరుద్యోగిగా ఎదురుచూడగలిగేది ఇంటి నుంచి ఎంతోకొంత వచ్చే చదువుకున్నవాడే. అంతర్జాతీయ కార్మిక సంస్థ, మానవాభివృద్ధి సంస్థ కలిసి 2024లో తెచ్చిన నివేదిక ప్రకారం 2022లో దేశంలోని నిరుద్యోగుల్లో చదువుకున్న యువత వాటా 65.7 శాతం. ముందు చెప్పిన 2023–24 సర్వే ప్రకారం పనిచేస్తున్నవారిలో నెలజీతం ఉన్నది 21.7 శాతానికే. నోటిఫికేషన్ కోసం ఏళ్లకేళ్లు గదిలో కూర్చోవడం సోమరితనం కాదనడానికి ఈ ఒక్క అంకె చాలు.

ఎదురుచూపులో చేసే పనులు కొన్ని ఉన్నాయి: ట్యూషను, కోచింగ్ సెంటర్లో గంటల లెక్క పాఠం, రాత్రి సెక్యూరిటీ, డెలివరీ. సెక్యూరిటీలో చట్టప్రకారం ఎనిమిది గంటలు, ఆపైన రెట్టింపు కూలి. చాలాచోట్ల నడిచేది మామూలు రేటుకే పన్నెండు గంటలు. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం దుకాణాలు మినహా వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పనిచేయించుకోవచ్చని ఉత్తర్వులిచ్చింది. వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ (ఓటీ) ఇవ్వాలి, మూడు నెలల్లో ఓటీ 144 గంటలు మించకూడదు. ఓటీ రిజిస్టరు తెరిచి చూసేవారు ఉంటేనే దీనికి అర్థం.

సామాజిక భద్రతలోనూ మెట్లు ఉన్నాయి. పీఎఫ్ తప్పనిసరి పరిమితి 2014 నుంచి 15,000 దగ్గరే ఉంది. ఈఎస్‌ఐకి 2017 నుంచి 21,000. నాచారంలో ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది కాబట్టి ఇక్కడి కార్మికులకు కార్డు ఉంటే వైద్యం దగ్గరే. అయితే జీతం 21,000 దాటితే కొన్నాళ్లకు కార్డు పోయే ముప్పూ ఉంది. చిన్న ఇంక్రిమెంటు వచ్చి పెద్ద వైద్యం పోగొట్టుకున్న కుటుంబాలు నాచారంలో కొత్త కాదు.

2025 నవంబరు తర్వాత

29 కార్మిక చట్టాలను కలిపిన నాలుగు కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. వేతనాల కోడ్ షెడ్యూలు పద్ధతికి స్వస్తి చెప్పింది. కనీస వేతనం ఇప్పుడు ఏ పనిలో ఉన్న ఉద్యోగికైనా వర్తించాలి. కేంద్రం చట్టబద్ధమైన మట్టం నిర్ణయిస్తుంది, రాష్ట్రాలు దానికంటే దిగకూడదు. మొత్తం జీతంలో భత్యాలు సగానికి మించితే, మించిన భాగం కూడా వేతనంగానే లెక్క. ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వాలి. గెజిట్ దాకా రాని 2021 జీవోలను చూసిన కార్మిక సంఘాలు ‘ఐదేళ్లకు మించకుండా సమీక్ష’ అన్న పాత వాక్యం కొత్త కోడ్‌లోనూ ఉండటాన్ని అనుమానంగానే చూస్తున్నాయి.

డెలివరీ పనివారి సంగతి సామాజిక భద్రత కోడ్‌లో ఉంది. గిగ్ వర్కర్ అన్న మాట దేశ చట్టంలోకి మొదటిసారి ఎక్కింది అక్కడే. కంపెనీలు తమ టర్నోవరులో 1 నుంచి 2 శాతం వారి సంక్షేమ నిధికి కట్టాలి, పనివారికి చెల్లించే మొత్తంలో 5 శాతానికి మించకుండా. నీతి ఆయోగ్ 2022 నివేదిక ప్రకారం దేశంలో ఇలాంటివారు 2020–21లో 77 లక్షలు, 2029–30కి 2.35 కోట్లు అవుతారని అంచనా. ప్రమాదంలో చనిపోతే 5 లక్షల బీమాను తెలంగాణ ప్రభుత్వం 2023 చివరలో ప్రకటించింది. వేతనాల కోడ్ దృష్టిలో మాత్రం వాళ్లు ఉద్యోగులు కారు. అందుచేత కనీస వేతన మట్టం, ఓటీ, వారపు సెలవు అనే మూడూ నల్లకుంట చౌరస్తాలో ఆర్డరు కోసం ఫోను చూసుకుంటూ నిలబడిన డిగ్రీ విద్యార్థికి వర్తించవు.